డిస్కు మీద బొట్టు

సైకిల్ మెకానిక్కు రిటైర్మెంటేమిటని మా ఇంట్లో నవ్వుతారు. నాకెవరూ దండ వేయలేదు, శాలువా కప్పలేదు. కింద కూర్చుంటే మోకాళ్లు లేవనివ్వని రోజు ఒకటి వచ్చింది. ఆ రోజే పానాలు కడిగి పక్కన పెట్టేశాను. ఇప్పుడు అరవై దాటాయి. గచ్చిబౌలిలో సైకిళ్ల షాపు పెట్టుకున్న పిల్లలు కొందరు అప్పుడప్పుడు పిలిచి కుర్చీ వేస్తారు, టీ తెప్పిస్తారు. "అంకుల్, హైడ్రాలిక్ బ్రేకు మార్చుడుల కిటుకేంది?" అని అడుగుతారు. చేతులు కడుక్కోవడమే అంటాను. నవ్వేసి మళ్లీ ఫోన్లో వీడియో చూసుకుంటారు.

వీడియోల మీద నాకు కోపం లేదు. ఏ బోల్టు ముందు విప్పాలో, ఏది తర్వాత బిగించాలో అవి నాకన్నా బాగా చూపిస్తాయి. కానీ బిగించిన చేయి అంతకుముందు ఏం ముట్టుకుందో అవి చూపించవు. బిగించినవాడు తప్పు చేస్తే ఎవరికి చెప్పాలో కూడా చెప్పవు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పగలిగేది ఆ రెండే. అవీ నాకు సుఖంగా తెలిసినవి కావు.

ఉస్తాద్

నా పేరు మల్లేశం. ఊరు కొండాపూరే. మా నాయన రాళ్ల క్వారీలో పనిచేసేవాడు. ఇవాళ అద్దాల ఆఫీసులున్న చోట అప్పుడు ఇంటికన్నా ఎత్తు గుండ్లుండేవి. వాటిలో కొన్నింటిని పగలగొట్టిన చేతులు మా నాయనవి. నాకు ఆ సుత్తె బరువు పడలేదు. ఇరవై ఏళ్లప్పుడు మహబూబ్ ఉస్తాద్ సైకిల్ దుకాణంలో చేరాను. పైన రేకులు, ముందు ఒక వేపచెట్టు, పంక్చర్ చూడటానికి నీళ్ల తొట్టి. అంతే దుకాణం.

ఉస్తాద్ మంచి యజమానా అంటే వెంటనే అవునని చెప్పలేను. నోరు మంచిది కాదు. కోపమొస్తే పానా విసిరేవాడు. అయితే మనిషి లేని వైపే విసిరేవాడు, అది ఒప్పుకోవాలి. మెచ్చుకోవడం అసలు రాదు. పని బాగుంటే ఊరుకునేవాడు, బాగాలేకపోతే వీధంతా వినబడేది. కానీ అన్నేళ్లలో గిరాకీ ముందు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్లన్నీ గిరాకీ వెళ్లిపోయాకే.

ఆయన నేర్పిన మొదటి సంగతి నూనె. కదిలే ఇనుముకల్లా నూనె పెట్టాల్సిందే. చైనుకు, పెడలుకు, చక్రం గుండ్లకు, బ్రేకు కడ్డీ కీలుకు. మా భుజాల మీది గుడ్డలు పిండితే నూనె కారేది. మోచేతుల దాకా నల్లగా లేనివాణ్ని మేం మెకానిక్ అనేవాళ్లం కాదు. దాన్ని గొప్పగా చెప్పుకుని తిరిగిన రోజులవి.

డబ్బాలో వచ్చిన సైకిలు

తొంభైల చివర. హైటెక్ సిటీ కట్టడాలు మొదలై, మా ఊళ్లో ఖాళీ గది కనబడితే చాలు కిరాయికి అడిగేవాళ్లు. అలా వచ్చినవాళ్లే డేవిడ్ సార్ దంపతులు. భీమవరం వైపు వాళ్లు. సార్ మూడేళ్లు సింగపూర్‌లో చేసి వచ్చి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరాడు. ఆయన భార్య గ్రేసమ్మ మియాపూర్ దవాఖానలో నర్సు. మేమంతా సిస్టరమ్మ అనేవాళ్లం. మా దుకాణం వెనక రెండో సందులో మేడమీద వాటా వాళ్లది.

సార్ వచ్చేటప్పుడు అట్టడబ్బాలో ఒక సైకిలు తెచ్చుకున్నాడు. గుట్టలెక్కే సైకిలు. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగు. దాన్ని బిగించడానికి మా దగ్గరికి తెచ్చిన రోజు వీధిలో జనం మూగారు. రెండు చక్రాల మధ్యలో బిళ్లల్లా చిల్లులున్న ఉక్కు డిస్కులు.

"ఏంది సార్, చక్రానికి పళ్లెం గట్టిండ్రు?" అన్నాడు ఉస్తాద్.

"బ్రేకండి అది," అన్నాడు సార్, నవ్వుతూ.

మన సైకిలుకు బ్రేకంటే రబ్బరు ముక్క వచ్చి చక్రం అంచును పట్టుకోవడం. ఇక్కడ అలా కాదు. హ్యాండిల్ దగ్గర లివరు నొక్కితే సన్నని పైపులో నూనె ముందుకు తోసుకుపోతుంది. కింద క్యాలిపర్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో రెండు ప్యాడ్లు రెండు వైపుల నుంచీ వచ్చి డిస్కును పట్టేస్తాయి. తీగ లేదు, కడ్డీ లేదు. రెండు వేళ్లతో నొక్కితే మనిషితో సహా బండి ఆగిపోతుంది. అది చూసి నేను పసిపిల్లాడిలా మురిసిపోయాను.

ఆ మురిపెంలోనే మొదటి తప్పు చేశాను. కొన్ని నెలలకు లివరు మెత్తబడింది. నొక్కితే హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చేస్తోంది. నూనె తగ్గిందనుకుని, కార్ల మెకానిక్ దగ్గర బ్రేకు ఆయిలు తెచ్చి పోసేశాను. బ్రేకుకు బ్రేకు ఆయిలు కాక ఇంకేం పోస్తారు? పది రోజులు బాగా పనిచేసింది. పదకొండో రోజు లోపలి రబ్బరు రింగులు ఉబ్బి రెండు చక్రాలూ పట్టేశాయి. సార్ సైకిల్ని భుజాన మోసుకొచ్చాడు. దాంతో వచ్చిన బుక్కు తెరిచి చూశాడు. ఆ బ్రేకుకు మినరల్ ఆయిలే పోయాలని, కార్ల ఆయిలు ఆ రబ్బరుకు పడదని ఉందట.

"నేనే ముందు చదివి చెప్పాల్సిందండి మల్లేశం గారూ. తప్పు నాదే," అన్నాడు.

ఆయనకు అదొక అలవాటు. ఏం జరిగినా ముందు తన వైపు చూసుకుంటాడు. అప్పటికి నాకది హాయిగానే అనిపించింది. ఆయన వెళ్లాక ఉస్తాద్ పానా నీళ్లతొట్టిలో పడింది.

విప్పడం, బిగించడం

సార్ సింగపూర్ స్నేహితుడితో కొత్త బ్రేకులు తెప్పించాడు. ముందుకొకటి, వెనక్కొకటి. లివరు, పైపు, క్యాలిపర్ కలిపే ఉన్నాయి, నూనె లోపల నింపే ఉంది. పాతవి తీసి ఇవి పెట్టడమే పని. దసరా ముందు రోజు మధ్యాహ్నం సార్ సెలవు పెట్టుకుని వచ్చి, స్టూలు మీద కూర్చుని బుక్కు చదివి తెలుగులో చెబుతూ ఉంటే నేను చేశాను.

చక్రం తీశాను. క్యాలిపర్‌కు రెండు బోల్టులు. ఫోర్కు పొడవునా పైపును పట్టుకున్న పట్టీలు కత్తిరించాను. హ్యాండిల్ దగ్గర లివరు పట్టీ విప్పితే పాతదంతా ఒక్క ముక్కగా చేతికొచ్చింది. కొత్తది అదే దారిలో, తిరగేసిన వరసలో బిగించాలి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

చక్రం ఇంకా పెట్టలేదు. కొత్త లివరు ఎలా ఉందో చూద్దామని ఊరికే ఒకసారి నొక్కాను. లోపల ప్యాడ్లు రెండూ వచ్చి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మధ్యలో డిస్కు లేదుగా, వాటిని ఆపేదేముంది? ఇక డిస్కు దూరడానికి సందు లేదు. ప్యాడ్లు బయటికి తీసి, టైరు విప్పే ప్లాస్టిక్ పట్టీతో, ప్యాడ్లను తోసే పిస్టన్లను మెల్లగా లోపలికి నెట్టడానికి గంట పట్టింది. చక్రం బయటుంటే ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి, లివరు జోలికి పోకండి. ఇది వీడియోలో కూడా ఉంటుందిలెండి.

తర్వాత చక్రం పెట్టి, క్యాలిపర్ బోల్టులు కొంచెం వదులు చేసి, లివరు నొక్కి పట్టుకుని, అలాగే రెండు బోల్టులూ మార్చి మార్చి బిగించాను. అప్పుడు క్యాలిపర్ తనంతట తానే డిస్కుకు నడిమధ్యన కూర్చుంటుంది. చక్రం తిప్పితే ఎక్కడా రాపిడి లేదు. కొత్త ప్యాడ్లకు పట్టు రావాలంటే తొక్కుతూ ఆపుతూ పోవాలని బుక్కులో ఉందని సార్ చెప్పాడు. మా సందులో ఇరవై సార్లు తొక్కి ఇరవై సార్లు ఆపాను. చివరికి బ్రహ్మాండంగా పట్టింది.

"పండగ మర్నాడు పొద్దున్నే తీసుకుంటానండి, నేరుగా ఆఫీసుకే పోతాను," అన్నాడు సార్. వెళ్తూ వెళ్తూ ఉస్తాద్‌కు ఇంకో మాట చెప్పాడు. వాళ్ల ఆఫీసు ఆవరణ పెద్దది, కాపలావాళ్లకు, తోటపనివాళ్లకు సైకిళ్లు కొంటున్నారు. వాటిని చూసుకునే పని ఉస్తాద్‌కు ఇవ్వమని తాను చెప్పాడట. ఆ రోజుల్లో రోడ్డు వెడల్పులో మా రేకుల దుకాణం పోతుందని మార్కింగ్ వేసి ఉంది. ఆ పని వస్తే ఉస్తాద్‌కు నిలబడటానికి ఒక చోటు దొరుకుతుంది. ఆయన ఆ సాయంత్రం ముగ్గురు గిరాకీలకు ఉట్టిగా గాలి కొట్టాడు.

దసరా

దసరాకు ఆయుధ పూజ మా దుకాణంలో నాది. నేను చేరిన మొదటి ఏడే ఉస్తాద్ అన్నాడు, "నీ పానాలకు నువ్వు జేస్కో, నాకేం తక్లీఫ్ లేదు." ఆ తర్వాత ఏటా బంతిపూలు ఆయనే మార్కెట్ నుంచి తెచ్చేవాడు. పూజ అవుతున్నంతసేపు చెప్పులు విడిచి బయట వేపచెట్టు కింద నిలబడేవాడు. కొబ్బరి ముక్క తీసుకుని నోట్లో వేసుకునేవాడు.

మా ఇంట్లో ఇనుముకు బొట్టు పెట్టే పద్ధతి వేరు. పొడి కుంకుమ సుత్తెల మీద, గడ్డపారల మీద నిలవదు. అందుకని మా నాయన కొబ్బరినూనెలో కుంకుమ కలిపి, చిక్కగా చేసి, బొటనవేలితో పెట్టేవాడు. క్వారీలో పనిచేసేవాళ్లందరిదీ అదే పద్ధతి. నేనూ పానాలకు, పంపుకు, దుకాణంలో ఉన్న సైకిళ్లన్నింటికీ అలాగే పెట్టాను. ప్రతి సైకిలుకూ హ్యాండిల్ మీద ఒకటి, సీటు కింద ఒకటి.

డేవిడ్ సార్ సైకిలు దగ్గరికి వచ్చేసరికి ఆగాను. ఇంత మంచి బ్రేకు, నా చేత్తో బిగించింది. ప్రాణం కాపాడేది అదే కదా, దానికి పెట్టకుండా ఎలా? రెండు డిస్కుల మీదా, రెండు వైపులా పెద్ద పెద్ద బొట్లు పెట్టాను. సార్ చల్లగా ఉండాలని మనసులో అనుకున్నాను కూడా. అది అబద్ధం కాదు.

మర్నాడు పొద్దున సార్ వస్తాడని త్వరగా వెళ్లాను. బొట్లు రాత్రికి జారి డిస్కు మీద చారలు కట్టాయి. క్రైస్తవుల ఇంటి బండి, ఎర్రగా ఇస్తే బాగుండదేమో అనుకుని, భుజం మీది గుడ్డ తీసి గట్టిగా తుడిచాను. పిండితే నూనె కారే గుడ్డ అదే. చక్రం తిప్పుతూ తుడిచాను. డిస్కు తళతళలాడింది. మళ్లీ తొక్కి చూడాలని నాకు తోచలేదు. మొన్న ఇరవై సార్లు చూశాను కదా!

సార్ వచ్చాడు, థ్యాంక్స్ చెప్పాడు, ఎక్కి వెళ్లాడు.

పదింటికి సైకిలు ఒక ట్రాలీ ఆటోలో తిరిగొచ్చింది. ముందు చక్రం వంకరపోయింది. ఆటో అతను చెప్పాడు. కొత్తగా వేసిన దిగుడు రోడ్డు మీద సార్ వేగంగా దిగుతున్నాడు. కింద కంకర తట్టలెత్తుకుని ఆడకూలీలు రోడ్డు దాటుతున్నారు. సార్ బ్రేకు నొక్కితే కీచుమని అరిచిందట, బండి మాత్రం ఆగలేదు. వాళ్ల మీదికి పోకుండా పక్కనున్న కంకర కుప్పలోకి తిప్పేశాడు. ఆడవాళ్లకేమీ కాలేదు. సార్ కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఉస్తాద్ సైకిల్ని స్టాండుకు ఎక్కించాడు. వంగి డిస్కు చిల్లుల్లోకి చూశాడు. గుడ్డ వెళ్లని ఆ చిల్లుల్లో కుంకుమ ఇంకా ఉంది. వేలితో రాసి వాసన చూశాడు. ఒక ప్యాడు ఊడదీసి అదీ వాసన చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. పానా విసురుతాడనుకున్నాను. విసరలేదు. ప్యాడును కాగితంలో చుట్టి డ్రాయరులో పెట్టి, వెళ్లి వేపచెట్టు కింద కూర్చున్నాడు.

ఉస్తాద్ చెప్పిన అబద్ధం

మూడో రోజు సార్ చేతికి కట్టుతో వచ్చాడు. ఎవరినీ ఏమీ అనడానికి రాలేదు.

"కొత్త బ్రేకుకు పట్టు రావడానికి టైం పడుతుందని బుక్కులో ఉందండి. పొద్దున దారిలోనే కొంచెం జారినట్టుంది. పట్టు వస్తుందిలే అనుకుని దిగేశాను. నాదే తొందరపాటు."

నేను పంక్చర్ వేస్తున్నట్టు తల దించుకున్నాను. నోరు తెరిస్తే చాలు. కార్ల ఆయిలు పోసి ఒకసారి, ఇప్పుడు ఇంకోసారి. ఈసారి మనిషి చెయ్యి విరిగింది. కొత్త ఉద్యోగం, ఏడాది దాకా ఉంచుతారో లేదో తెలియదని సార్ ఎప్పుడో చెప్పాడు. ఆ చేత్తోనే ఆయన కంప్యూటర్ మీద పనిచేయాలి. ఇవన్నీ తెలిసే నేను తల ఎత్తలేదు. భయం అని ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను. ఆ రోజు దానికి పేరు పెట్టే ధైర్యం కూడా లేదు.

ఉస్తాద్ లేచి నిలబడ్డాడు. "మీ తప్పు గాదు సార్. బిగించినంక నేను చెక్ జేయాలె, సరిగ్గ జేయలే. గలతీ నాది," అన్నాడు.

సార్ మెల్లగా అన్నాడు. "నాకు కోపం లేదండి. కానీ ఆఫీసులో మీ పేరు చెప్పాను. రేపు ఏ కాపలా ఆయనకో ఇలా జరిగితే? ఇక నేను ఎలా చెప్పగలను చెప్పండి?"

"వద్దు సార్. చెప్పకండ్రి," అన్నాడు ఉస్తాద్.

సార్ వెళ్లాక నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఎందుకట్లన్నవు ఉస్తాద్ అని అడిగాను.

"మరేమనాలె? పూజల తప్పు దీసే నోరు నాది గాదు మల్లేశ్. నేనంటే ఒక తీరుగ ఉంటది, నువ్వంటే ఒక తీరుగ ఉంటది. చెప్పాలంటే నువ్వే చెప్పాలె. లేదంటే ఇగ గిట్లనే పోనియ్."

ఎన్నడూ లేనిది, అరవలేదు. అరిస్తే బాగుండేది. ఆ వారం రోజులు ఆయన నాతో పని మాటలే మాట్లాడాడు. దుకాణం గోడ మీది ఎర్ర మార్కింగ్ రోజూ కనబడుతూనే ఉంది. ఆ చోటు పోతే ఉస్తాద్ ఎక్కడికి పోతాడో నాకు తెలియదు. పోగొట్టింది ఎవరో మాత్రం తెలుసు.

మేడమెట్లు

ఎనిమిదో రోజు సాయంత్రం సార్ ఇంటి మెట్లెక్కాను. సగం దాకా ఎక్కి ఒకసారి దిగాను. అది కూడా రాయాలి కదా. రెండోసారి ఎక్కి తలుపు కొట్టాను.

సిస్టరమ్మ తలుపు తీసింది. సార్ ఎడమచేత్తో అన్నం తింటున్నాడు. నిలబడే మొత్తం చెప్పేశాను. కుంకుమ, కొబ్బరినూనె, గుడ్డ, తొక్కి చూడకపోవడం. డిస్కుకు నూనె అంటితే ప్యాడ్లు పట్టకుండా జారతాయి, చేతి చెమట తగిలినా పాడే, నేను నూనె పూసి ఇచ్చానని చెప్పాను. ఉస్తాద్ ఆ రోజు పూజ తప్ప దుకాణంలో ఏమీ చూడలేదని, ఆ సైకిల్ని ఆయన ముట్టుకోలేదని చెప్పాను.

సార్ తినడం ఆపేశాడు. సిస్టరమ్మకు కోపం వచ్చింది. ఆమెకు రావాల్సిందే.

"మా ఆయన వారం రోజుల నుంచి నిద్రపోవట్లేదండీ. ఆ ఆడవాళ్లను చంపేసేవాణ్ని, నాదే తప్పు, నాదే తప్పు అని ఒకటే మాట. మీరు రెండు సందుల అవతలే ఉండి, ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఎనిమిది రోజులా?"

 

"బొట్టు పెట్టారని కాదండి," అన్నాడు సార్. "మీరు నా మంచి కోరే పెట్టారు. మా అమ్మ కూడా నేను బయల్దేరితే ప్రార్థన చేసి నెత్తిన నూనె రాస్తుంది. అది కాదు. ఉస్తాద్ గారికి ఇదంతా ముందే తెలుసా?"

"ఆటోలకెళ్లి సైకిలు దింపిన గంటలనే తెల్సు సార్."

సార్ భార్య వైపు చూశాడు. "అయితే ఆ మనిషి చెయ్యని తప్పు ఒప్పుకుని, వచ్చే పని వదులుకున్నాడు," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మెట్ల మీదికి వచ్చాకే ఏడ్చాను.

మళ్లీ బిగించడం

నూనె తాగిన ప్యాడ్లు ఇక పనికిరావు. వాటిని కడిగినా, కాల్చినా నమ్మకూడదు. కొత్త ప్యాడ్లు సింగపూర్ నుంచి రావడానికి నెలన్నర పట్టింది. ఆలోపు సార్ చేతికి కట్టు విప్పారు. ఆఫీసువాళ్లు ఆయన్ను ఉంచుకున్నారు. ఎడమచేత్తో పనిచేస్తున్న మనిషిని పొమ్మనడానికి వాళ్లకూ మనసొప్పలేదేమో.

ప్యాడ్లు వచ్చిన రోజు సార్, సిస్టరమ్మ కలిసి దుకాణానికి వచ్చారు. "మల్లేశం గారే వెయ్యాలండి," అన్నాడు సార్. సిస్టరమ్మ సంచిలోంచి స్పిరిట్ సీసా, తెల్లటి దూది తీసింది. సూది పొడిచే ముందు రాసే స్పిరిట్టే. "ముందు చేతులు," అంది. సబ్బుతో మోచేతుల దాకా కడిగించింది. గోళ్ల కింద నలుపు పోలేదని మళ్లీ కడిగించింది. పద్నాలుగేళ్ల నలుపు అది, అంత తేలిగ్గా పోతుందా! నా చేతుల అసలు రంగు ఆ రోజే చూశాను.

వంకరపోయిన చక్రాన్ని ఉస్తాద్ అప్పటికే సరిచేసి పెట్టాడు. డిస్కులను స్పిరిట్‌తో దూది తెల్లగా వచ్చేదాకా తుడిచాను. ప్రతి చిల్లులోనూ దూది పుల్ల దూర్చి తిప్పాను. క్యాలిపర్ లోపల కూడా. కొత్త ప్యాడ్లను అంచులతోనే పట్టుకుని దూర్చాను. మధ్యలో పెట్టిన అట్టముక్క తీశాను, చక్రం పెట్టాను, లివరు నొక్కి పట్టుకుని బోల్టులు మార్చి మార్చి బిగించాను. సందులో ముప్పై సార్లు తొక్కి ఆపాను. ఉస్తాద్ దూరం నుంచి చూస్తూ ఉన్నాడు, ఒక్క మాటా అనలేదు. ఆయన ఊరుకుంటే పని బాగుందని అర్థం.

"సరే, నేను ఆ దిగుడు దిగి చూస్తానండి," అని సార్ హ్యాండిల్ పట్టుకున్నాడు.

సిస్టరమ్మ ఆయన చెయ్యి తీసేసింది. "మీరు కాదు. బిగించినాయన దిగాలి."

నేనే ఎక్కాను. దిగుడు రోడ్డు పైభాగానికి వెళ్లి ఆగాను. అప్పటికి రోడ్డు పని అయిపోయింది. కూలీలు లేరు, కంకర కుప్ప లేదు. రెండు వైపులా మిగిలిన గుండ్లు, కింద నున్నటి తారు. సార్ వాళ్లు పక్కన నిలబడ్డారు. ఉస్తాద్ కనబడలేదు.

తొక్కడం మానేసి వదిలేశాను. బండి వేగమందుకుంది. చెవుల్లో గాలి. మలుపు తిరిగేసరికి కింద నడిరోడ్డు మీద ఉస్తాద్ నిలబడి ఉన్నాడు. అడ్డదారిలో ముందే దిగి వెళ్లాడన్నమాట. చేతులు వెనక్కి కట్టుకుని, నా వైపే చూస్తూ, చక్రం దారికి సరిగ్గా అడ్డంగా.

"జరుగు ఉస్తాద్!" అని అరిచాను. జరగలేదు.

రెండు వేళ్లతో రెండు లివర్లూ నొక్కాను. నా జీవితంలో అంత మెల్లగా, అంత గట్టిగా దేన్నీ పట్టుకోలేదు. కీచుమనలేదు. టైరు తారును కొరికింది. నా బరువంతా చేతుల్లోకి వచ్చింది. సైకిలు ఆగింది. ముందు టైరుకు, ఆయన లుంగీకి మధ్య ఒక పానా పట్టేంత సందుంది.

ఉస్తాద్ ఆ సందు వైపు చూశాడు. తర్వాత నా వైపు. వారాల తర్వాత ముఖంలో ఏదో వదులైంది.

"గింత దగ్గర ఎవడన్న ఆపుతడారా? జర ముందుగాల ఆపు," అన్నాడు. వంగి డిస్కు చూశాడు. తన చేయి దాని మీద పెట్టబోయి, గుర్తొచ్చి, ఆ చేయి నా భుజం మీద వేశాడు.

కాపలావాళ్ల సైకిళ్లు ఆ తర్వాతి నెలలో మా దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు ఉస్తాద్ లేడు. నేను దసరాకు బొట్టు పెట్టడం మానలేదు. కాకపోతే పొడి కుంకుమ, హ్యాండిల్ మీద మాత్రమే. ఆ రోజు నుంచి నేను బిగించిన బ్రేకు ప్రతిదానితో ముందు నేనే ఆ దిగుడు దిగాను. దిగిన ప్రతిసారీ మలుపు దగ్గర కింద ఆయన నిలబడి ఉన్నాడనుకునే బ్రేకు పట్టుకున్నాను.